ఎవరి పొగ ఎవరి ఖాతాలో

అందరికీ నమస్కారం. ఒక జత బూట్లతో మొదలుపెడతాను.

1986 ఏప్రిల్ 28, సోమవారం ఉదయం. స్వీడన్‌లో ఫోర్స్‌మార్క్ అనే చోట అణు విద్యుత్ కేంద్రం ఉంది. ఒంటికీ బట్టలకూ రేడియోధార్మికత అంటుకుందేమో చూసే యంత్రం అక్కడ దారిలోనే ఉంటుంది. ఒక ఉద్యోగి దాని ముందుకు రాగానే అది మోగింది. ఆయన ఆ ఉదయం రియాక్టరు ఉన్న వైపు అడుగే పెట్టలేదు. వెతికి చూస్తే, ఆ ధూళి ఉన్నది ఆయన బూట్లకు. లోపల అంటుకున్నది కాదు, బయట నడుస్తూ తొక్కుకుని తెచ్చినది. తమ కేంద్రంలోనే ఏదో పగిలిందని మొదట అందరూ హడలిపోయారు, సిబ్బందిని బయటికి పంపేశారు. కాసేపటికి ఇతర చోట్ల కూడా ఇదే తంతు అని కబురు వచ్చింది. గాలి ఎటునుంచి వీస్తోందో చూశారు. ధూళిలో ఏ మూలకాలు ఉన్నాయో చూశారు. అనుమానం సోవియట్ యూనియన్ మీదికి పోయింది. దాదాపు 1,100 కిలోమీటర్ల అవతల చెర్నోబిల్‌లో రియాక్టరు పేలి అప్పటికి రెండు రోజులు దాటింది. మాస్కో నోరు విప్పింది ఆ సాయంత్రమే, అదీ నాలుగు ముక్కల్లో.

పేలిన దేశం దాచిన సంగతిని పక్కవాళ్ళ బూట్లు చెప్పేశాయి. అదే ఏడాది సెప్టెంబరులో, అణు ప్రమాదం జరిగితే ఇరుగుపొరుగు దేశాలకు వెంటనే తెలపాలనే అంతర్జాతీయ ఒప్పందం తయారైంది. అంత తొందరగా ఒప్పందం కుదరడం ఈ రంగంలో అరుదు. ఎందుకు కుదిరింది? కాదనడానికి వీల్లేని లెక్క చేతిలో ఉంది కాబట్టి. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఈ లెక్క గురించే. ఎవరి పొగ ఎవరి మీద ఎంత పడుతోందో ఇద్దరూ ఒప్పుకునే చిట్టా ఉన్న చోట పని జరిగింది. లేని చోట మంచి మాటలు జరిగాయి.

ముందు ప్రయాణం సంగతి చూద్దాం. పొగగొట్టం నుంచి వెలువడినదంతా దూరం పోదు. బరువైన బూడిద దగ్గర్లోనే రాలిపోతుంది. బొగ్గు కాలిస్తే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ మాత్రం ఒకటి రెండు రోజులు గాలిలో నిలుస్తుంది. నేలకు దిగనిది సల్ఫేటు కణాలుగా మారి, వాన వచ్చి కడిగేదాకా వారం దాకా కూడా తేలుతూ ఉంటుంది. సెకనుకు పది మీటర్ల వేగంతో వీచే గాలి రోజుకు 860 కిలోమీటర్లు దాటుతుంది. వారం రోజులంటే ఎన్ని దేశాలో మీరే లెక్క వేసుకోండి. పాదరసం ఆవిరి ఇంకా మొండిది. నెలల తరబడి గాలిలోనే ఉండి భూమిని చుట్టేస్తుంది. ఒక దేశం తన పాదరసాన్ని ఎంత తగ్గించుకున్నా, తన చెరువు చేపల్లో పాదరసం అదే నిష్పత్తిలో తగ్గకపోవడానికి ఇదొక కారణం. 2013లో మినమాటా ఒప్పందాన్ని ప్రపంచ స్థాయిలో చేసుకోవలసి వచ్చింది ఇందుకే.

దీనికి మనిషి తెలివి ఒకటి తోడైంది. 1952 డిసెంబరులో లండన్‌ను పొగమంచు కమ్మేసి వేల మంది చనిపోయాక, ఊళ్ళలో పొగ తగ్గించాలని 1956లో బ్రిటన్ చట్టం చేసింది. మంచి చట్టమే. దాంతోపాటు విద్యుత్ కేంద్రాల పొగగొట్టాల ఎత్తు పెరుగుతూ పోయింది. పొగ ఎంత పైన వదిలితే కింద ఉన్న ఊరికి అంత మేలు, గాలి దాన్ని పలుచన చేసేస్తుంది అన్నది అప్పటి ఇంజినీర్ల నమ్మకం. ఊరికి మేలు జరిగిన మాట నిజమే. కానీ పలుచన కావడమంటే మాయం కావడం కాదు కదా. అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. ఉత్తర సముద్రం దాటితే నార్వే, స్వీడన్. మన ఇంటి ముందు చెత్తను ఊడ్చి పక్కింటి గడపలో పోసినట్టు అయింది, అదీ చీపురు కాస్త పొడుగుది కొనుక్కుని.

ఆ రెండు దేశాల సరస్సుల్లో చేపలు తగ్గిపోతున్నాయని జాలర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దక్షిణ నార్వే నదుల్లో సాల్మన్ చేపలు కనుమరుగయ్యాయి. ఆ సరస్సులు చూడడానికి ఎలా ఉండేవో తెలుసా? అద్దంలా, అడుగు కనిపించేంత తేటగా. పొగలోని గంధకం (సల్ఫర్) వానలో కలిసి ఆమ్లంగా దిగేది; అలా ఆమ్లం పెరిగి సూక్ష్మజీవులు కూడా తగ్గిపోవడంతో నీళ్ళకు ఆ నిర్మలత్వం వచ్చింది. చేపను చంపింది ఆమ్లం ఒక్కటే కాదు. ఆమ్ల వర్షం నేలలో ఇంకి అక్కడి అల్యూమినియాన్ని కరిగించి నీళ్ళలోకి తెస్తుంది. అది చేప మొప్పల మీద పేరుకుంటుంది. నీళ్ళ నిండా ఆక్సిజన్ ఉన్నా చేపకు ఊపిరాడదు. సున్నపురాయి పుష్కలంగా ఉన్న నేలలైతే ఆమ్లాన్ని తట్టుకుంటాయి. స్కాండినేవియా గ్రానైటు నేలలకు ఆ శక్తి లేదు. అంటే దెబ్బ ఒకటే అయినా తగిలిన చోటు అసలే మెత్తనిది.

ఆమ్ల వర్షం అనే మాట పాతదే. మాంచెస్టర్ ప్రాంతపు వానలను పరీక్షించిన రాబర్ట్ ఆంగస్ స్మిత్ అనే రసాయన శాస్త్రవేత్త 1872 నాటి తన పుస్తకంలో వాడారు. అప్పట్లో అది పారిశ్రామిక పట్టణాల సొంత గొడవ. దాన్ని దేశాల మధ్య గొడవగా మార్చినవారు స్వాంతె ఓడెన్. ఈయన నేలలను అధ్యయనం చేసే స్వీడన్ శాస్త్రవేత్త. ఐరోపా అంతటా ఏళ్ళ తరబడి సేకరించిన వాననీటి లెక్కలను గాలి కదలికలతో పక్కపక్కన పెట్టి చూశారు. 1967లో స్వీడన్ దినపత్రికలో వ్యాసం రాశారు. ఐరోపా దేశాల మధ్య రసాయన యుద్ధం నడుస్తోందన్నారు. శాస్త్రజ్ఞులు తమ పత్రికల్లో రాసుకుంటే ఇంత కలకలం రేగేది కాదేమో. దినపత్రికలో రాయడం వల్ల మంత్రులు చదవక తప్పలేదు.

1972లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు జరిగినప్పుడు స్వీడన్ ఈ కేసును ప్రపంచం ముందు పెట్టింది. బ్రిటన్, పశ్చిమ జర్మనీ నమ్మలేదు. మా పొగే మీ సరస్సులో పడిందని రుజువు ఏమిటి అన్నారు. న్యాయంగా చూస్తే అది అడగవలసిన ప్రశ్నే. జవాబు కోసం పదకొండు ఐరోపా దేశాలు కలిసి 1972 నుంచి 1977 దాకా కొలతలు తీశాయి. చాలా దేశాల మీద పడుతున్న గంధకంలో పెద్ద వాటా పక్కవాళ్ళదేనని తేలింది. నార్వే విషయంలోనైతే సొంత పొగ వాటా చాలా చిన్నది.

తర్వాత జరిగినదే నాకు ఈ కథలో అన్నిటికన్నా ముచ్చటైన భాగం. 1979 నవంబరులో జెనీవాలో, దూర ప్రాంతాలకు వ్యాపించే వాయు కాలుష్యంపై ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజులు. క్షిపణులు ఎదురెదురుగా పెట్టుకున్న రెండు కూటములూ ఆ బల్ల దగ్గర కూర్చున్నాయి. ఆ ఒప్పందం చదివితే నీరసం వస్తుంది. ఎంత తగ్గించాలో ఎక్కడా అంకె లేదు. కాకపోతే కొలతల వ్యవస్థను మాత్రం ఒప్పుకున్నారు. ఐరోపా అంతటా కేంద్రాలు వాననూ గాలినీ పరీక్షిస్తాయి. ఆ లెక్కలను క్రోడీకరించి, గాలి కదలికల గణిత నమూనాలతో కలిపి చూసే కేంద్రాలు రెండు: ఒకటి ఓస్లోలో, ఒకటి మాస్కోలో. ఏటా ఒక పట్టిక తయారవుతుంది. అడ్డంగా విడిచిన దేశాలు, నిలువుగా పుచ్చుకున్న దేశాలు, గడి గడికీ టన్నులు. తిలాపాపం తలా పిడికెడు అంటాం కదా, ఆ పిడికెళ్ళను తూచి రాసిన పద్దు అది. ఒప్పందం కింద మొదటి ప్రోటోకాల్, అంటే అనుబంధ ఒప్పందం, 1984లో వచ్చింది. అది కాలుష్యం తగ్గించడానికి కాదు, ఈ కొలతలకు ఎవరెంత డబ్బు ఇవ్వాలో నిర్ణయించడానికి! అప్పట్లో దీన్ని వెటకారం చేసినవాళ్ళు ఉండే ఉంటారు. నా దృష్టిలో అసలు పునాది అదే.

మరుసటి ఏడాదే, 1985లో, హెల్సింకిలో తొలి అంకె వచ్చింది. 1980 నాటి గంధకాన్ని 1993 కల్లా కనీసం ముప్ఫై శాతం తగ్గించాలి. అందులో ఒక చిన్న 'లేదా' ఉంది. దేశం మొత్తం విడిచేదాన్ని తగ్గించాలి, లేదా సరిహద్దు దాటేదాన్ని తగ్గించాలి. అంత పెద్ద దేశమైన సోవియట్ యూనియన్‌కు ఆ రెండో దారి ఎంత వీలుగా ఉంటుందో చెప్పనవసరం లేదు. బ్రిటన్, అమెరికా, పోలండ్ అసలు సంతకమే పెట్టలేదు. పశ్చిమ జర్మనీ మాత్రం అప్పటికే పక్షం మార్చేసింది. 1980ల మొదట్లో తన అడవులే వాడిపోతున్నాయన్న భయం పట్టుకుంది మరి. తన ఇంటి కప్పు కారితే గాని వాన కురుస్తోందని నమ్మని స్వభావం దేశాలకూ ఉంటుంది.

అందరికీ ఒకే ముప్ఫై శాతం అనడం మొరటు పద్ధతి. 1994 నాటి ఓస్లో ప్రోటోకాల్ దాన్ని మార్చింది. ఏ నేల ఎంత ఆమ్లాన్ని తట్టుకోగలదో పటం గీసి, ఆ పటం నుంచి వెనక్కి లెక్కగట్టి, ఏ దేశం ఎంత తగ్గిస్తే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం వస్తుందో చూశారు. 1999లో గోథెన్‌బర్గ్ ప్రోటోకాల్ గంధకం, నత్రజని ఆక్సైడ్లు, అమ్మోనియాలను ఒకే కట్టలో చేర్చింది. ఇవాళ ఐరోపాలో సల్ఫర్ డయాక్సైడ్ 1990తో పోలిస్తే ఐదింట నాలుగు వంతులకు పైగా తగ్గింది. ఇదంతా ఒప్పందం పుణ్యమే అనను. తూర్పు ఐరోపాలో పాత కర్మాగారాలు మూతపడ్డాయి, బొగ్గు స్థానంలో గ్యాసు వచ్చింది. అయినా ఒప్పందం వాటా చిన్నది కాదు.

కోర్టులకు వెళితే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. ఆ దారి కూడా తొక్కారు. కెనడాలోని ట్రయిల్ అనే ఊళ్ళో సీసం, జింకు శుద్ధి చేసే కర్మాగారం ఉంది. దాని పొగ నదీలోయ వెంట దిగి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో రైతుల పంటలనూ చెట్లనూ మాడ్చేది. రెండు దేశాలూ కలిసి ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేసుకున్నాయి. 1941 నాటి తుది తీర్పులో ఒక సూత్రం వచ్చింది: నష్టం తీవ్రమైనదై, రుజువు స్పష్టంగా ఉన్నప్పుడు, తన నేల మీది పొగతో పొరుగు దేశానికి హాని చేసే హక్కు ఏ దేశానికీ లేదు. అంతర్జాతీయ పర్యావరణ న్యాయం చదివేవారికి ఇది మొదటి పాఠం. కానీ ఇలాంటి కేసులు ఆ తర్వాత వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. ఒకే లోయ, ఒకే పొగగొట్టం, ఒకే తూముగా దిగే గాలి. అంత నిక్కచ్చి రుజువు ఇంకెక్కడ దొరుకుతుంది? తమాషా ఏమిటంటే అదే కర్మాగారం దశాబ్దాల పాటు కొలంబియా నదిలో లోహపు చిట్టెం కలిపిన గొడవ మళ్ళీ ఈ శతాబ్దంలో అమెరికా కోర్టుల కెక్కింది. ఈసారి దావా వేసినవారిలో కోల్విల్ ఆదివాసులు ఉన్నారు. గాలి సంగతి తేలాక నీళ్ళ వంతు వచ్చిందన్నమాట.

రుజువు అనుకోని చోట దొరికిన కథ ఇంకొకటి. కెనడాలోని ఉత్తర క్యుబెక్‌లో ఉండే ఇన్యుయిట్ ఆదివాసీ తల్లుల పాలను 1980లలో పరిశోధకులు పరీక్షించారు. పరిశ్రమలు లేని చోటు కదా, కల్మషం లేని పాలంటే ఇలా ఉంటాయి అని పోల్చి చూపడానికి నమూనాగా పనికొస్తాయనుకున్నారు. తీరా చూస్తే కరెంటు పరికరాల్లో వాడిన పీసీబీ అనే పారిశ్రామిక రసాయనాలు దక్షిణ ప్రాంతపు తల్లుల కంటే దాదాపు ఐదు రెట్లు. ఈ జాతి రసాయనాలు వెచ్చని చోట ఆవిరై, చల్లని చోట నేలకు దిగి, మళ్ళీ వెచ్చబడితే లేచి, మిడతలా గెంతుకుంటూ ధ్రువం వైపు పోతాయి. అక్కడ కొవ్వులో చేరతాయి. చేప నుంచి సీలుకు, సీలు నుంచి మనిషికి చిక్కబడుతూ వస్తాయి. సీలు మాంసం మానేయమందామా అంటే ఆ మంచు నేలలో దానికి సాటి ఆహారం లేదు. ఏ సరుకు వల్ల వాళ్ళకు పైసా లాభం లేదో దాని విషం వాళ్ళ ఉగ్గుపాలలోకి చేరింది. 2001లో స్టాక్‌హోమ్‌లో ఇలాంటి పన్నెండు రసాయనాలపై ఒప్పందం కుదిరినప్పుడు ఇన్యుయిట్ ప్రతినిధుల మాటకు బరువు ఉందంటే కారణం ఈ కొలతలే.

ఇక లెక్క తెలిసినా కదలని చోట్లు. ఇండొనేషియాలో పీట్ నేలలు ఉన్నాయి. వేల ఏళ్ళుగా కుళ్ళిన ఆకులలములు పేరుకున్న తడి నేలలు. పామాయిల్, కాగితపు గుజ్జు తోటల కోసం కాలువలు తవ్వి వాటిని ఎండగట్టి నిప్పు పెడితే, మంట నేల లోపల నెలల తరబడి రగులుతుంది. 1997లో ఆ పొగ సింగపూర్, మలేసియాలను ముంచెత్తింది. 2002లో ఆగ్నేయాసియా కూటమి అయిన ఆసియాన్ దేశాలు ఈ పొగపై ఒప్పందం చేసుకున్నాయి. పొగ పుట్టే ఇండొనేషియా దాన్ని ఆమోదించింది ఎప్పుడు? 2014లో. ఒకరి ఇంటి సంగతుల్లో ఇంకొకరు వేలుపెట్టకూడదన్నది ఆ కూటమి మర్యాద. పొగకు ఆ మర్యాద తెలియదు. 2013 జూన్‌లో సింగపూర్ కాలుష్య సూచిక ప్రమాదకర స్థాయిని దాటి 401ని తాకాక, ఆ దేశం మరుసటి ఏడాది సొంత చట్టం చేసింది. పొగ ఎక్కడ పుట్టినా సరే, దానికి కారణమైన కంపెనీని సింగపూర్ కోర్టుకు ఈడ్చవచ్చు. తోటల వ్యాపారంలో సింగపూర్, మలేసియా పెట్టుబడి కూడా ఉంది. కాబట్టి ఇండొనేషియా మంత్రులు ఎదురు ప్రశ్న వేస్తే జవాబు చెప్పడం అంత తేలిక కాదు.

దక్షిణాసియాకు వాయు కాలుష్యంపై 1998 నాటి మాలే ప్రకటన ఉంది. ఇరాన్‌తో కలిపి ఎనిమిది దేశాలు సంతకం చేశాయి. కొలతలు మొదలయ్యాయి, శిక్షణలు జరిగాయి. తగ్గింపు అంకె మాత్రం ఇప్పటికీ లేదు. సింధు గంగా మైదానం మీద శీతాకాలంలో దుప్పటిలా పరుచుకునే పొగకు భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్ అన్నీ ఒకే గది. గదిలో ఎవరు దగ్గుతున్నారో తెలుసు. ఎవరి పొయ్యి ఎంత అన్న పద్దు మీద నలుగురి సంతకం లేదు.

లెక్క ఎంత పదునైనదో చూపే ఉదాహరణ ఒకటి చెప్పి ముగింపు వైపు వస్తాను. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ప్రోటోకాల్ 1987 నాటిది. దాని ప్రకారం, ఓజోన్‌ను తినేసే సీఎఫ్‌సీ-11 అనే వాయువు తయారీ 2010 కల్లా ప్రపంచమంతటా ఆగిపోవాలి. కాగితం మీద ఆగిపోయింది కూడా. గాలిలో అది తగ్గవలసినంత వేగంగా తగ్గడం లేదని 2018లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఎవరో దొంగచాటుగా తయారు చేస్తున్నారు. దక్షిణ కొరియాలోని గోసన్, జపాన్‌లోని హతెరుమా కేంద్రాల కొలతలను గాలి దిశతో కలిపి చూసి, పెరిగిన దానిలో పెద్ద భాగం తూర్పు చైనా నుంచే వస్తోందని 2019లో చెప్పారు. చైనా తనిఖీలు చేసింది. తర్వాతి కొలతల్లో ఆ వాయువు మళ్ళీ గణనీయంగా తగ్గింది. యుద్ధం లేదు, ఆంక్షలు లేవు. రెండు ద్వీపాల మీద రెండు గాలి గొట్టాలు.

ఇంతవరకూ చెప్పిన లెక్కలన్నిటిలో ఒక మెలిక దాచి ఉంచాను. పొగ వదిలిన దేశమే బాకీదారు అన్నట్టు మాట్లాడుతూ వచ్చాను. 2017లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 2007 నాటి లెక్కలు తీసింది. సూక్ష్మ ధూళికణాల వల్ల ప్రపంచంలో ఆ ఏడాది సుమారు 34.5 లక్షల అకాల మరణాలు. అందులో 12 శాతం వేరే ప్రాంతంలో పుట్టి గాలికి కొట్టుకొచ్చిన కాలుష్యం వల్ల. 22 శాతం మరణాలు మాత్రం వేరే ప్రాంతంవాళ్ళు వాడుకునే సరుకుల తయారీ వల్ల. అంటే గాలి మోసిన చావుల కంటే ఓడలు మోసిన చావులు ఎక్కువ. పొగ అక్కడే ఉండిపోతుంది, చొక్కా ఇటు వస్తుంది. ఈ బాకీ ఎవరి ఖాతాలో రాయాలో ఏ ఒప్పందమూ చెప్పదు.

ఓడలు చెత్తను కూడా మోస్తాయి. 1988లో నైజీరియాలోని కోకో అనే చిన్న రేవులో ఇటలీ నుంచి వచ్చిన విషపు పీపాలు ఒకరి స్థలంలో వేల సంఖ్యలో బయటపడ్డాయి. ఆ గొడవ చల్లారకముందే, 1989లో, ప్రమాదకర వ్యర్థాల రవాణాపై బాసెల్ ఒప్పందం వచ్చింది. 2021 నుంచి మురికి ప్లాస్టిక్ వ్యర్థాలు కూడా దాని కిందికి వచ్చాయి. ప్లాస్టిక్ మొత్తానికి కొత్త ఒప్పందం రాయాలని 2022లో నైరోబీలో తీర్మానించారు. 2025 ఆగస్టులో జెనీవాలో జరిగిన చర్చలు ఏదీ తేలకుండానే ముగిశాయి. కొలత ఎక్కడ పెట్టాలన్నదే తగవు. ఫ్యాక్టరీ దగ్గర తయారీకి పరిమితి పెట్టాలని కొందరు, చెత్తకుండీ దగ్గర మొదలుపెడితే చాలునని చమురు దేశాలు.

నా మాటలు ఇక్కడికి ఆపుతాను. ప్రశ్నలు ఉంటే అడగండి.

ప్రశ్న: మీరు చెప్పిన ఆ సరస్సుల్లోకి చేపలు తిరిగి వచ్చాయా?

కొన్నిటిలోకి వచ్చాయి. దక్షిణ నార్వేలో మండల్, తొవ్‌దల్ నదుల్లో సాల్మన్ పూర్తిగా అంతరించింది. 1990ల రెండో సగంలో ఆ నదుల్లో పెద్ద ఎత్తున సున్నపురాయి పొడి కలపడం మొదలుపెట్టారు. కొన్నేళ్ళకు చేపలు తిరిగి వచ్చాయి. వాన ఇప్పుడు దాదాపు బాగుపడింది. నేల ఇంకా బాగుపడలేదు. దశాబ్దాల ఆమ్లం కడిగేసిన కాల్షియం రాళ్ళు అరిగి మళ్ళీ చేరాలంటే చాలా కాలం పడుతుంది. అందుకే ఇప్పటికీ ఏటా పొడి కలుపుతూనే ఉన్నారు. అడవుల్లోని చిన్న సరస్సులకైతే హెలికాప్టరులో తీసుకెళ్ళి చల్లుతారు. ఆ ఖర్చు నార్వే ప్రభుత్వమే భరిస్తోంది.